పెట్టె మీద పదహారు

తెర మీద పడవ రేవు గోడ దాటి మలుపు తిరిగేసరికి మళ్ళీ అదే జరిగింది. ఒడ్డున ఉన్న చర్చి, దాని వెనక కొండ, పీతల బోనుల జాడ చెబుతూ నీళ్ళ మీద తేలే బెండ్లు అన్నీ కరిగిన మైనంలా అయిపోయాయి. పడవ ఆగి ఆగి, నత్తివాడు మాట్లాడినట్టు కదిలింది. తాత కుర్చీ వెనక నిలబడిన మిరేయ్ పళ్ళు బిగబట్టింది.

"చూశావా?" అన్నాడు తాత ప్లసీద్, బల్లకి బిగించిన ఆట చక్రం మీంచి చేతులు తీయకుండా. "అంతా మసక. ఇది సముద్రమా, మీ అమ్మ కాచిన ఓట్స్ జావా?"

"నా జావ జోలికి రాకు నాన్నా," అని వంటింట్లోంచి లొరేన్ కేకేసింది. "పొద్దున రెండు గిన్నెలు తాగిందెవరు?"

"ఆకలేసి తాగాను. రుచికి కాదు."

మిరేయ్ నవ్వలేదు. తెర మూలలో వణుకుతున్న చిన్న అంకెల్నే చూస్తోంది. కంప్యూటర్లో బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు మెమొరీ ఎంత నిండిందో ఆ అంకెలు చెబుతాయి. రేవులో ఉన్నప్పుడు తక్కువగానే ఉంటుంది. బయటికి రాగానే ఏడున్నర, ఏడు ముప్పావు, ఎనిమిది. ఇంక పెరగదు. అది ఎనిమిది దగ్గర నిలబడగానే లోకమంతా మసకవుతుంది.

చలికాలమంతా ఇద్దరూ ఇలాగే గడిపారు. సముద్రం గడ్డకట్టి, అసలు పడవ పెరట్లో దుంగల మీద టార్పాలిన్ కప్పుకుని ఉంది. ఆటలోని తెల్ల పడవకి మిరేయ్ దాని పేరే పెట్టింది, మరీ-అగాత్. అది అమ్మమ్మ పేరు. తాత చక్రం పడితే మిరేయ్ పక్కన కూర్చుని బెండుకి కొక్కెం వేసేది. గాలికి ఎదురుగా బెండు దగ్గరికి ఎలా రావాలో, తాడు ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో అన్నీ ఆ ఆటలోనే నేర్పాడు. ఈ ఏడు వేట మొదలై అందరూ సముద్రంలో బోనులు వేసే రోజున మిరేయ్ నిజం పడవ ఎక్కుతుంది. అది తాత ఇచ్చిన మాట. చిన్నప్పుడు ఏదో తిరునాళ్ళకి తీసుకెళ్తానన్నట్టు కాదు, జీతం ఇచ్చి పెట్టుకునే మనిషికి చెప్పినట్టు చెప్పాడు.

పెద్దమ్మ కొడుకు గయెతాన్ బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుంటూ వచ్చాడు. తాత పడవలో అతనే రెండో మనిషి. చలికాలంలో పనిలేక కంప్యూటర్ల ముందు కూర్చుని, ఊళ్ళో ఎవరి కంప్యూటర్ మొరాయించినా సలహా చెప్పే పని పెట్టుకున్నాడు. తెర వంక ఒక్క చూపు చూసి పెదవి విరిచాడు.

"ఎనిమిది జీబీ కార్డు. ఇంకేం కనిపిస్తుందే?"

"పదహారు," అంది మిరేయ్.

"అదిగో, అంకె ఎనిమిది దగ్గర చచ్చింది."

మిరేయ్ అటక మీంచి పెట్టె దించి చూపించింది. పీతల కార్ఖానాలో వేసవంతా చేతులు వాచేలా పెంకులు ఒలిచి కొనుక్కున్న పెట్టె. మూల మీద పెద్దక్షరాల్లో పదహారు అని ఉంది. గయెతాన్ కంప్యూటర్ పక్క రేకు విప్పి, కార్డు బయటికి లాగి, వెనక అంటించిన చిన్న చీటీ దీపం కింద పెట్టాడు. ఎనిమిది.

"ఒకే పేరుతో రెండు రకాలు చేస్తారు," అన్నాడు. "మొహం ఒకటే, లోపల మెమొరీ సగం. నీకంటే ముందు ఎవడో పదహారుది కొని, ఎనిమిదిది పెట్టెలో పెట్టి వాపసు ఇచ్చి ఉంటాడు. కొట్టువాళ్ళు చూసుకోకుండా మళ్ళీ అమ్మారు. నువ్వు దొరికావు."

"ఆ ఎనిమిదికీ మసకకీ ఏంట్రా సంబంధం?" అని అడిగాడు తాత.

"ఆటలో ప్రతి వస్తువుకీ పైన ఒక బొమ్మ తొడుగు ఉంటుంది తాతా. పడవ చెక్కకొకటి, నీటికొకటి, చర్చి గోడకొకటి. అవన్నీ కార్డు మెమొరీలో సర్దుకోవాలి. పట్టకపోతే మంచి బొమ్మలు బయట పారేసి చిన్నవి, మసకవి పెట్టుకుంటుంది. ఈ రోజుల్లో మధ్యరకం కార్డుకి పన్నెండైనా లేకపోతే దండగ. పదహారుంటే నాలుగేళ్ళు నిశ్చింత."

"డెక్కు చిన్నదైతే బోనులు ఒడ్డునే వదిలేసి పోతాం. అంతేగా?"

"అంతే."

తాత చక్రం అంచు మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తున్నాడు.

"అయితే ఆ ముక్క మారిస్తే పోతుందంటావా, ఈ మసక?"

"పోతుంది."

"ఖాయంగా?"

"అద్దంలా కనిపిస్తుంది తాతా. చర్చి గడియారంలో ముళ్ళు కూడా."

"రేపే పోదాం," అన్నాడు తాత. అంత తొందరగా, అంత గట్టిగా అనేసరికి వంటింట్లోంచి లొరేన్ తల బయటపెట్టి చూసింది. బోనులకి తాళ్ళు కట్టే పని ఇంకా సగం ఉంది. అది వదిలి ద్వీపం అవతలి పట్నానికి ఒక ఆట కోసం పోదామంటున్నాడు.

"నిన్ను మోసం చేసినవాళ్ళని ఊరికే వదలాలా?" అన్నాడు తాత, మిరేయ్ వైపు తిరిగి. సరిగ్గా ఆమె వైపు కాదు, ఆమె భుజం పక్కగా.

*

మర్నాడు సూయెత్ గాలి వీస్తోంది. కొండ మీంచి దిగి ఊరి కప్పులు ఊడబెరికే ఆ గాలి పేరు తమ షెటికాంప్ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. పాత ట్రక్కు ఒళ్ళంతా ఊగుతోంది. తాత రోడ్డు పక్క తెల్ల గీతని ఒరుసుకుంటూ మెల్లగా నడిపాడు.

"బోర్డులు నువ్వు చదువు తల్లీ. నేను రోడ్డు చూసుకుంటా."

"ఈ రోడ్డు నీకు పుట్టినప్పట్నుంచీ తెలుసుగా తాతా."

"తెలిసినవాడికే నిద్రొస్తుంది. నువ్వు చదువుతుంటే మెలకువగా ఉంటా."

మిరేయ్ చదివింది. వంతెన, ఊరి పేరు, జింకలు దాటే చోటు, మరో వంతెన. తాత ప్రతిదానికీ "ఊఁ" కొట్టాడు.

కొట్టు పెద్దది. అడుగు పెట్టగానే మిరేయ్ ఎప్పటిలాగే తాత వెనక్కి జరిగింది. వాళ్ళ ఊళ్ళో అంతా ఫ్రెంచి, పట్నంలో అందరూ ఇంగ్లీషే. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు కాగితం మీద బాగానే వస్తుంది, మనుషుల ముందు మాత్రం నాలుక కింద దాక్కుంటుంది. వాపసు తీసుకునే బల్ల వెనక బ్రోడీ అని బిళ్ళ పెట్టుకున్న కుర్రాడు చూయింగ్ గమ్ నములుతున్నాడు. తాత పెట్టెని బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"పెట్టె మీద పదహారు. లోపల ఎనిమిది. ఇదేం వ్యాపారం?"

బ్రోడీ కార్డు తీసి తిప్పి చూశాడు. "ఏ ఆట ఆడతారు సార్?"

"చేపల వేట."

"చేపల ఆటకి ఎనిమిది చాలు సార్. మసకగా ఉందంటే కళ్ళజోడు మార్చుకోండి." పక్కన నిలబడ్డ ఇంకో కుర్రాడు కిసుక్కుమన్నాడు.

తాత మొహంలో రంగు పోయింది. కోపం అనుకుంది మిరేయ్. బల్ల అంచు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. కానీ ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి ఏమీ అనలేదు.

"పైగా," అన్నాడు బ్రోడీ, గొంతు తగ్గించి, "ఇలాంటివి చాలా వస్తున్నాయి. పదహారుది ఇంట్లో దాచుకుని పాతది పెట్టెలో పెట్టి తెస్తారు."

"అంటే?"

"నేనేమీ అనట్లేదు."

"నువ్వు అనలేదు. నీ నోరు అంది. మీ పెద్దవాళ్ళెవరినైనా పిలువు."

మేనేజరు వచ్చింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. తాత మొదలుపెట్టబోయి ఆగి, మిరేయ్ వీపు మీద చెయ్యి వేసి ముందుకి జరిపాడు.

"నువ్వే చెప్పు. నేను చెబితే ముసలాడి చాదస్తమంటారు. పెట్టె నీది, చదివేది నువ్వు."

మిరేయ్ చెవులు వేడెక్కాయి. పెట్టె మూత వంక చూస్తూ, మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ చెప్పింది. మూత మీద టేపు రెండు పొరలు ఉంది. కింది టేపు కోసి ఉంది, పైది తర్వాత అంటించారు. రెండు పొరల మధ్య వాపసు సరుకుకి అంటించే పసుపు చీటీ ముక్క ఇరుక్కుపోయింది. అది మీ కొట్టు చీటీ. నేను కొనేటప్పటికే ఈ పెట్టె ఒకసారి వెళ్ళి వచ్చింది.

ఆఖరి మాట దగ్గర గొంతు పలచబడి, వినిపించిందో లేదో ఆమెకే తెలియలేదు. మేనేజరు గోరుతో టేపు పైకి లేపి చూసింది. కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టి, బ్రోడీ వంక ఒక చూపు చూసింది. లోపలికెళ్ళి ఇంకో పెట్టె తెచ్చి, వాళ్ళ ఎదురుగానే సీలు విప్పి, కార్డు వెనక చీటీ చూపించింది.

"క్షమించండి సార్. పొరపాటు మాదే."

"నాకెందుకు చెబుతావమ్మా? దొంగ అనిపించుకున్నది ఆ పిల్ల."

మేనేజరు మిరేయ్ వైపు తిరిగి, మళ్ళీ అంది. బ్రోడీ నమలడం ఆపేశాడు.

ట్రక్కు దగ్గరికి నడుస్తూ తాత ఆమె టోపీ కళ్ళ మీదికి లాగాడు. "ఎంత గొంతుందే నీకు! ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావు?" మిరేయ్ టోపీ సర్దుకోకుండా కాసేపు అలాగే నడిచింది, నవ్వు కనబడకుండా. ఇంటికి పోయేదాకా పెట్టె ఒళ్ళోనే పెట్టుకుంది. తాత ఈలలు వేస్తూ నడిపాడు. సముద్రం పక్క మలుపులో ఎదురుగా కలప లారీ వచ్చినప్పుడు మాత్రం ట్రక్కు గీత దాటి దానివైపే పోయింది. "తాతా!" అని అరిచి మిరేయ్ చక్రం మీద చెయ్యి వేసింది. లారీ హారన్ పొడుగ్గా మోగి వెనక్కి పోయింది.

"గాలి," అన్నాడు తాత, కొంచెం ఆగి. "ఎంత తోస్తోందో చూశావా?"

ఆ తర్వాత ఈల వేయలేదు.

*

లొరేన్ కోడిమాంసం, బంగాళాదుంపలు వేసి ఫ్రికో పులుసు కాస్తోంది. ఆ వాసన ఇల్లంతా పరుచుకుంది. మిరేయ్ కంప్యూటర్ని భోజనాల బల్ల మీద పడుకోబెట్టి, మరలన్నీ రొట్టె పళ్ళెంలో వరసగా పెట్టుకుంది. కొత్త కార్డు గాడిలో టక్కుమని కూర్చుంది. తాత పక్కన కుర్చీ వేసుకుని, ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు.

"అయిందా?"

"ఇంకా లేదు తాతా."

"ఇప్పుడు?"

"నాన్నా, దాన్ని పని చేసుకోనీ," అంది లొరేన్.

గయెతాన్ ఫోన్లో చెప్పాడు, పాత ఆట తెరవద్దని. దాని అమరికలన్నీ చిన్న కార్డుకి సరిపోయేలా తగ్గించి ఉన్నాయి, కొత్త ఆట మొదలుపెట్టి అన్నీ పై మెట్టులో పెట్టి చూడమన్నాడు. మిరేయ్ అలాగే చేసింది. తెర తెరుచుకుంది.

ఆమె తెర దగ్గరికి వంగింది. రేవు గోడ మీద నాచు కనిపిస్తోంది. తాళ్ళ పురి కనిపిస్తోంది. పడవ బయటికి వచ్చి మలుపు తిరిగింది. ఏదీ కరగలేదు. మూలలో అంకె తొమ్మిది దాటి, పదకొండు దాటి, పన్నెండు దగ్గర హాయిగా ఊగింది. చర్చి గడియారంలో ముళ్ళు కనిపించాయి. గయెతాన్ అన్న నిజమే చెప్పాడు.

"తాతా! ఎలా ఉంది?"

తాత ముందుకి వంగాడు. మెడ కొంచెం పక్కకి తిప్పాడు, మళ్ళీ సరిచేశాడు. చాలాసేపు చూశాడు.

"ఆహా," అన్నాడు.

మిరేయ్ పడవని ఆపి, ముక్కు కనిపించేలా దగ్గరికి తిప్పింది. తెల్ల చెక్క మీద నల్ల అక్షరాలు తెర సగం నింపాయి. కొత్త ఆట కదా, ఆటవాళ్ళు ఇచ్చే పేరే ఉంది దాని మీద, బ్లూ హెరాన్ అని. అమ్మమ్మ పేరు ఇంకా ఎక్కించలేదు. ఈ ఇంగ్లీషు కొంగ ఎవరే మన పడవ మీద, అని తాత వెక్కిరిస్తాడని ఆమెకి తెలుసు. ఆ వెక్కిరింత కోసమే అడిగింది.

"ముక్కు మీద ఏముందో చదువు చూద్దాం."

"చదవకేం?" తాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మీ అమ్మమ్మ పేరు. మరీ-అగాత్. ఒక్కో అక్షరం ముత్యంలా ఉంది. ఇన్నాళ్ళూ ఆ దిక్కుమాలిన కార్డు ఏం ఏడిపించిందే మనల్ని!"

వంటింట్లో అటు తిరిగి ఉన్న లొరేన్ గరిటెతో గిన్నె అంచు మీద కొట్టి, "హమ్మయ్య, ఇక తినడానికి రండి," అంది.

మిరేయ్ తెర వంక చూసింది. బ్లూ హెరాన్. తాత వంక చూసింది. ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉంది, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళేదాకా గుమ్మంలో నిలబడ్డ వస్తువులాగా.

"అవును తాతా," అంది. "బాగా కనిపిస్తోంది."

భోజనం దగ్గర ఆమె తలెత్తలేదు. తాత కప్పులో టీ పోసుకుంటూ చూపుడువేలు కప్పు అంచు లోపల పెట్టాడు. టీ వేలికి తగలగానే కెటిల్ ఎత్తాడు. ఎన్నాళ్ళుగా ఇలా చేస్తున్నాడో ఆమెకి తెలియదు. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చునే తింటోంది.

*

తర్వాత రోజు షెడ్డులో తాత బెండ్లకి రంగు వేస్తున్నాడు. ప్రతి పడవకీ తన రంగులుంటాయి. వీళ్ళవి తెలుపు మీద ఒక ఆకుపచ్చ పట్టీ. బెండుని మేకుకి తగిలించి ఎడం చేత్తో తిప్పుతూ కుడిచేత్తో కుంచె కదలకుండా ఆనిస్తే పట్టీ దానంతటదే గుండ్రంగా వస్తుంది. తాత పట్టీలు కంపాసు పెట్టి గీసినట్టు ఉంటాయని రేవులో అందరూ అనేవాళ్ళు.

గోడవార ఆరబెట్టిన బెండ్ల మీద పట్టీలు పైకి పోయాయి, కిందికి దిగాయి, మొదలైన చోటికి రాకుండా ఎక్కడో ముగిశాయి. మిరేయ్ ఒకటి చేతిలోకి తీసుకుంది. పచ్చి రంగు వేలికి అంటింది.

"చలికి చెయ్యి వణుకుతోంది," అన్నాడు తాత, అడక్కుండానే.

ఆయన చెయ్యి వణకడం లేదు. పక్కన బోనులకి వేసిన ముడులు చూస్తే తెలుస్తుంది, వేళ్ళతో తడిమి వేసిన ప్రతి ముడీ ఎప్పటిలాగే ఉంది.

"తాతా, ఆ పడవ పేరు బ్లూ హెరాన్."

"ఏ పడవ?"

"నిన్న ఆటలోది. నేనింకా పేరు మార్చలేదు."

బెండు తిరగడం ఆగింది. తాత కుంచెని డబ్బా మీద పెట్టబోయాడు. అది అంచు తప్పి చెక్కపొట్టులో పడింది. వంగి వెతకలేదు.

"అమ్మకి చెప్పావా?"

"లేదు. ఎప్పట్నుంచి తాతా?"

"కిందటేడు బోనులు తీసేటప్పుడు. ఒకరోజు బెండు మీద మన నంబరు కనపడలేదు. పొగమంచు పట్టిందనుకున్నా. తర్వాత చలికాలం వచ్చింది, నీ తెర మసగ్గా ఉందనుకున్నా."

"తెర మసకైతే టీ కప్పు కూడా మసకవుతుందా?"

తాత నవ్వబోయాడు, రాలేదు. "అంత వెర్రివాణ్ణేం కాదులే. కప్పు సంగతి నాకూ తెలుసు. కానీ గయెతాన్ అన్నాడు చూడు, ముక్క మారిస్తే అద్దంలా అవుతుందని. అది పట్టుకున్నా. పట్నం దాకా రోడ్డంతా దాన్నే నమ్ముకుంటూ నడిపా. ఆ కొట్టులో నీ కోసం గొడవ పడ్డాననుకున్నావు. నా కోసం కూడా పడ్డానే తల్లీ. వాళ్ళు సరైన ముక్క ఇస్తే చాలు, అంతా సరిపోతుందన్నట్టు."

గాలికి షెడ్డు తలుపు కొట్టుకుంటోంది. మిరేయ్ వెళ్ళి గొళ్ళెం పెట్టి వచ్చింది.

"ఎలా ఉంటుంది?"

"సరిగ్గా నడుమ ఎవరో బొటనవేలు పెట్టి పులిమినట్టు. తిన్నటి గీతలు వంకర పోతాయి. అంచులు మాత్రం బాగుంటాయి. నీ వైపు తిన్నగా చూస్తే నీ చెవులు కనిపిస్తాయి, టోపీ కనిపిస్తుంది. మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు." ఆయన మెల్లగా తల తిప్పి కిటికీ వంక చూశాడు. "ఇలా పక్కకి చూస్తే కొంచెం నయం. ఇదిగో, ఇప్పుడు కనిపిస్తున్నావు. ఏడుస్తున్నావు."

మిరేయ్ చెయ్యి వెనక వైపుతో బుగ్గ తుడుచుకుంది. ఆకుపచ్చ రంగు అంటుకుంది.

"ఆ లారీ," అంది. గొంతు పెరిగింది, అది ఏడుపో కోపమో ఆమెకే తెలియలేదు. "గాలి అన్నావు. నేను పక్కనే ఉన్నా. గాలి అన్నావు!"

తాత తలదించుకున్నాడు. కాసేపటికి తడుముకుంటూ కుంచె తీసి, పొట్టు దులిపాడు.

"ఒక్క రోజు," అన్నాడు. "బోనులు వేసే రోజు ఒక్కటే. ఆ నీళ్ళు నా కాళ్ళకి తెలుసు మిరేయ్, కళ్ళతో పనిలేదు. నువ్వు పక్కన నిలబడి బెండ్లు, నంబర్లు మెల్లగా చెబుతుండు. బోర్డులు చదివినట్టే. ఎవరికీ తెలియదు. నీకు మాటిచ్చా కదా, నీ మొదటి రోజున చక్రం దగ్గర నేనుంటానని. ఆ తర్వాత నేనే చెప్పేస్తా అందరికీ."

మిరేయ్‌కి ఆ రోజు కళ్ళ ముందు కనిపించింది. చలికాలమంతా చూసుకున్న రోజే అది. డెక్కు నిండా బోనులు, తాత చక్రం దగ్గర, తను పక్కన. సరే అంటే చాలు. ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. ఊరు ఊరంతా ఒకేసారి రేవు నోట్లోంచి బయటపడే రోజు అది, ఒక పడవ పక్క ఇంకో పడవ, మధ్యలో చెయ్యెడు నీళ్ళు. వెనక డెక్కు మీద, జారే తాళ్ళ మధ్య గయెతాన్ అన్న.

నోరు తెరిచింది. కొట్టులోలాగే మాటలు నాలుక కింద దాక్కున్నాయి. అక్కడ వీపు మీద తాత చెయ్యి ఉంది. ఇక్కడ లేదు.

"వద్దు తాతా."

చాలా చిన్నగా వచ్చింది. కానీ షెడ్డులో ఇంకెవరూ లేరు, వినపడకపోవడానికి.

తాత జేబులోంచి ట్రక్కు తాళం తీసి, రంగు డబ్బాల పక్కన బల్ల మీద పెట్టాడు. బెండుని మేకు నుంచి దించి ఆమె చేతికిచ్చాడు.

"పట్టీలన్నీ గోకి మళ్ళీ వెయ్యి. వీటిని రేవులో చూస్తే ప్లసీద్ తాగుతున్నాడంటారు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయనే చెప్పాడు. లొరేన్ చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టి, కూర్చోకుండా అలాగే నిలబడి విన్నది. "కంటి డాక్టరుకి ఎప్పుడో చూపిస్తే," అని మొదలుపెట్టి, తండ్రి మొహం చూసి ఆపేసింది. గయెతాన్ చెంచాతో ఫ్రికో కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

"నేను ఏమన్నానో గుర్తుందా తాతా? అద్దంలా ఉంటుందన్నాను," అన్నాడు చివరికి.

"ఉంది కదరా. మిరేయ్‌కి అద్దంలానే ఉందట. పదహారు కావాలన్నావు, నిజమే, పదహారే కావాలి దానికి." తాత కప్పు వైపు చెయ్యి చాచాడు. లొరేన్ దాన్ని దగ్గరికి జరపబోయి ఆగింది. ఆయన వేళ్ళు వెతుక్కుని పట్టుకున్నాయి. "ఈసారి చక్రం నువ్వు పట్టు. మలుపు దగ్గర మరీ గోడకి రాసుకోకు, నీకా అలవాటుంది."

*

బోనులు వేసే రోజున ఊళ్ళో ఎవరూ ఇంట్లో ఉండరు. రేవు గోడ మీద ముసలివాళ్ళు, చంటిపిల్లలతో తల్లులు, కాఫీ కప్పులు పట్టుకున్న చేతులు. పాదిరీ గోడ చివర నిలబడి ఒక్కో పడవనీ దీవిస్తున్నాడు. బోనులు ఎంత ఎత్తు పేర్చారంటే పడవలు నీళ్ళలో నడుం దాకా దిగి ఉన్నాయి.

మిరేయ్ నారింజరంగు రబ్బరు బట్టల్లో వెనక డెక్కు మీద నిలబడింది. బట్టలు తాతవే, మోచేతుల దగ్గర మడతలు పెట్టింది. కొత్తగా పట్టీలు వేసిన బెండ్లు కాళ్ళ దగ్గర కట్టలుగా ఉన్నాయి. చక్రం దగ్గర గయెతాన్ ఉన్నాడు. అతని మెడ వెనక ఎర్రగా ఉంది. పొద్దుటి నుంచి ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు.

తాత కట్టుతాడు విప్పడానికి గోడ మీద నిలబడ్డాడు. ముడి మీద చెయ్యి వేసి, చూడకుండానే, ఒక్క లాగులో విప్పాడు. తాడు చుట్టి ఆమెకి విసిరాడు. సరిగ్గా చేతుల్లోకి వచ్చింది.

"గాలికి ఎదురుగా," అన్నాడు.

"గాలికి ఎదురుగా, తాతా."

"వదలాల్సినప్పుడు?"

"పట్టుకుని వేలాడకూడదు. వదిలేయాలి."

ఆయన తలూపాడు. హారన్లన్నీ ఒకేసారి మోగాయి. పడవ గోడని విడిచి జరిగింది. గోడ మీద జనమంతా పడవల వంక తిరిగి చేతులు ఊపుతున్నారు. తాత పక్కన లొరేన్ ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది.

కొంచెం దూరం పోయాక తాత మొహం పక్కకి తిప్పుకున్నాడు. సముద్రం వైపు కాకుండా, కొండ వైపు, చర్చి వైపు. అందరూ ఒకవైపు చూస్తుంటే ఆయన ఒక్కడే ఇంకోవైపు చూస్తున్నాడు.

గయెతాన్ వెనక్కి తిరిగి చూసి పెదవి కొరుక్కున్నాడు. "చూళ్ళేకపోతున్నాడే పాపం," అన్నాడు. "మొహం తిప్పేసుకున్నాడు."

మిరేయ్ తాడు కింద పెట్టి, టోపీ తీసి, మొహం మీద పడుతున్న జుట్టు వెనక్కి తోసుకుంది. రేవు మలుపు వచ్చేదాకా డెక్కు చివర కదలకుండా నిలబడింది, ఆయన చూస్తున్నంతసేపూ.